అమ్మ ఉంటున్న సీనియర్ కేర్ హోమ్: 5కి 3.5 ఇచ్చా, ఎందుకంటే...

పేరు మాత్రం రాయట్లేదు, అమ్మ ఇంకా అక్కడే ఉంటోంది, కింద నేను తిట్టబోయేవి కూడా ఉన్నాయి కాబట్టి. బిల్డింగ్, గార్డెన్, లాబీలో సోఫాలు ఇవన్నీ బాగానే ఉన్నాయి, వాటి మీద ఫొటోలతో సహా బోలెడు రివ్యూలు ఉంటాయి, వదిలేద్దాం. ఒక్కటి మాత్రం చెప్పాలి, కారిడార్‌లో వాసన రాదు. చిన్న విషయం అనుకోకండి, డైపర్లు టైమ్‌కి మారుస్తున్నారో లేదో ఎవర్నీ అడక్కుండానే తెలిసిపోతుంది.

అమ్మకి 81. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక చేర్పించాం. చేరగానే ఫిజియో వచ్చి కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి వెనక్కి తిరిగొచ్చి కూర్చోమన్నాడు, చేతిలో స్టాప్‌వాచ్. టైమ్డ్ అప్ అండ్ గో అంటారంట ఆ టెస్ట్‌ని, 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే రిస్క్ ఉన్నట్టు. అమ్మకి 31 పట్టింది. తర్వాత నర్స్ పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒకసారి, ఇంకో రెండు నిమిషాలాగి ఇంకోసారి చూసింది. నిలబడ్డాక పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ తగ్గితే కళ్లు తిరిగి పడే ఛాన్స్ ఎక్కువ, అమ్మకి పైది 20 కంటే బాగా ఎక్కువే పడిపోయింది. అన్నాళ్లూ మేమందరం "వయసైంది కదా, తూలుతోంది" అనుకుంటున్నాం, చూస్తే అందులో సగం మందుల వల్లే.

మందుల విషయంలో వీళ్లకి ఫుల్ మార్కులు. అమ్మ లిస్టులో 11 రకాలున్నాయి, ఒక్కో డాక్టర్ ఒక్కోటి కలుపుకుంటూ పోయాడు, తీసేసినవాడు ఒక్కడూ లేడు. వీళ్ల డాక్టర్ అన్నీ ఒక టేబుల్ మీద పరిచి కూర్చున్నాడు, నిద్ర కోసం వేసుకుంటున్న పాతకాలం అలర్జీ మాత్ర ముందు ఆపించాడు. అలాంటి మాత్రలు పెద్దవాళ్లలో మతిమరుపు, మలబద్ధకం, యూరిన్ ఆగిపోవడం తెస్తాయంట. పెద్దవాళ్లకి ఏ మందులు వీలైనంతవరకు ఇవ్వకూడదో చెప్పే బీర్స్ క్రైటీరియా అని ఒక లిస్ట్ 1991 నుంచీ ఉంది, 2023లో కూడా అప్‌డేట్ చేశారు, అందులో ఈ రకం మాత్రలు ఉన్నాయి. అయినా ఇంటింటా ఇవే మింగుతుంటారు. బీపీ మందు డోస్ కూడా తగ్గించారు, ఇప్పుడు మొత్తం 7.

ఇక అసలు విషయం. ఇక్కడ నాకు నచ్చింది ఏంటంటే అమ్మతో పనులు చేయిస్తారు, అమ్మకి చేసిపెట్టరు. డైనింగ్ హాల్‌కి వాకర్‌తో నడిపించే తీసుకెళ్తారు, వీల్‌చైర్‌లో అయితే ఒక్క నిమిషంలో అయిపోయే పనికి పావుగంట పట్టినా సరే, కేర్‌టేకర్ అమ్మాయి బలం తక్కువున్న కాలు వైపు కాస్త వెనగ్గా నడుస్తుంది, చెయ్యి పట్టి లాగదు. జాకెట్ హుక్స్ అమ్మే పెట్టుకోవాలి. బయటివాళ్లు చూస్తే "పాపం ముసలావిణ్ణి ఎంత కష్టపెడుతున్నారో" అనుకుంటారు గానీ ఈ వయసులో మంచం మీద నాలుగు రోజులు ఊరికే పడుకుంటే కరిగిన కండ మళ్లీ రావడానికి వారాలు పడుతుంది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అని ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో చూశారు, ఒక ఫ్లోర్ వాళ్లకి మీ పనులు మీరే నిర్ణయించుకోండి, ఈ మొక్కని మీరే చూసుకోండి అన్నారు, ఇంకో ఫ్లోర్ వాళ్లకి అన్నీ మేం చూసుకుంటాం, మొక్కకి నీళ్లు కూడా నర్సులే పోస్తారు అన్నారు. కొన్ని వారాలకే మొదటివాళ్లు ఎక్కువ హుషారుగా, సంతోషంగా కనిపించారు. చిన్న స్టడీనే, కానీ అమ్మని చూస్తే నాకు నమ్మబుద్ధేస్తుంది.

ఎందుకంటే మొదట్లో యాక్టివిటీ అవర్ అని పిలిచి అమ్మ చేతికి కలరింగ్ బుక్ ఇచ్చారు. జీవితమంతా లెక్కలు చెప్పిన టీచర్‌కి! పక్కన పెట్టేసి గోడ చూస్తూ కూర్చుంది, "పాల్గొనడం లేదు" అని ఫైల్‌లో రాశారు కూడా. (వినికిడి మెషిన్ బ్యాటరీ అయిపోయిందని మాత్రం ఎవరూ చూడలేదు, నేను వెళ్లి మార్చాక సగం "పాల్గొనడం" దానంతటదే వచ్చింది.) తర్వాత నర్సింగ్ ఎగ్జామ్‌కి చదువుకుంటున్న ఒక కేర్‌టేకర్ అమ్మాయి "టీచరమ్మ గారూ, ఈ డోస్ లెక్కలు నాకు ఎక్కట్లేదండీ" అని పుస్తకం పట్టుకొచ్చింది, 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములుంటే 400కి ఎన్ని ఎంఎల్ అని. అంతే, రోజూ మధ్యాహ్నం క్లాసు. తప్పు చేస్తే తిడుతోందంట కూడా, నిన్న ఫోన్‌లో నాతో "ఆ పిల్లకి శాతాలు రావు, ఫౌండేషన్ వీక్" అంది, ఆ గొంతు విని ఎన్నాళ్లైందో.

ఈ అమ్మాయి వల్లే ఇంకో ప్రమాదం తప్పింది. ఒకరోజు పొద్దున స్నానం చేయించేటప్పుడు అమ్మ ఏదేదో మాట్లాడుతోందని, తనని గుర్తుపట్టట్లేదని నర్స్‌కి చెప్పింది. వేరేవాళ్లైతే పెద్దవయసు మతిమరుపులే అని వదిలేసేవాళ్లు, కానీ ఒక్కరోజులో ముంచుకొచ్చేది డిమెన్షియా కాదు, డెలీరియం, అంటే ఉన్నట్టుండి వచ్చే అయోమయం, దానికి కారణం వెతకాల్సిందే. టెస్టులు చేస్తే యూరిన్ ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు కూడా తక్కువ. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుంది, అడిగినప్పుడు ఇద్దాంలే అనుకుంటే వాళ్లు అడగరు. ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కూడా ఒక్కోసారి రాదు. ట్రీట్‌మెంట్ అయ్యాక అమ్మ మామూలైంది, ఇప్పుడు టైమ్ ప్రకారం నీళ్లిస్తున్నారు, తేలికైన కప్పు చేతికందేలా పెడుతున్నారు.

ఇప్పుడు తిట్లు. ఆ అమ్మాయిని వచ్చే నెల వేరే ఫ్లోర్‌కి మారుస్తున్నారు! రొటేషన్ పాలసీ అంట. "ఈవిడ రోజూ ఇలా ఉండరు" అని చెప్పగలిగేది రోజూ చూసే మనిషి ఒక్కతే కదా, ఆవిణ్ణే మార్చేస్తే ఫైల్ చూసి ఏం తెలుస్తుంది. అడిగితే స్టాఫ్ ఒకే చోట ఉంటే అలిసిపోతారు అన్నారు, అందులో నిజం లేకపోలేదు, కానీ మార్చేముందు కొత్త మనిషి ఒక వారమైనా పక్కనుండి నేర్చుకోవాలిగా.

రెండోది ఆదివారాలు. స్టాఫ్ తగ్గుతారు, దాంతో పైన నేను పొగిడినవన్నీ గాల్లో కలిసిపోతాయి. అందరూ వీల్‌చైర్లే, వరసగా తోసుకెళ్లి టీవీ ముందు పెట్టేస్తారు. రెండు మూడు గంటలకోసారి అడిగి బాత్రూమ్‌కి తీసుకెళ్తే అమ్మకి డైపర్ అవసరమే లేదు, మిగతా రోజులు అలాగే గడుస్తున్నాయి, ఆదివారం మాత్రం "సేఫ్టీకి" అని వేసేస్తారు. సోమవారం పొద్దున అమ్మ ముఖం చూడలేం. ఇంకా ఆ రోజు వచ్చే టెంపరరీ స్టాఫ్ చిన్నపిల్లలతో మాట్లాడినట్టు "బుజ్జి కదా, ఆ పెట్టు" అంటారు, అమ్మకి ఒళ్లు మండుతుంది.

మంచం రెయిలింగ్ గురించి కొందరు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, వీళ్లు ఫుల్ రెయిలింగ్ పెట్టరు, చూడగానే వింతగా ఉంటుంది గానీ అదే కరెక్ట్. రాత్రి లేవాలనుకున్నవాళ్లు దాన్ని ఎక్కి దిగబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు, సందుల్లో ఇరుక్కుంటారు కూడా. దానికి బదులు మంచం బాగా కిందికి దించి, బాత్రూమ్ దాకా చిన్న లైట్లు పెట్టారు.

స్టాప్‌వాచ్ టెస్ట్ ఇప్పుడు 19 సెకన్లు. ఇంకా రిస్కే, కానీ 31 నుంచి 19. ఆదివారం సంగతి మేనేజర్‌కి రాసిచ్చా, "చూస్తాం" అన్నారు, చూసిన రోజు ఇంకో అర స్టార్ కలుపుతా. మీరెవరైనా ఇలాంటి హోమ్ చూడ్డానికి వెళ్తుంటే వాళ్లు పెట్టే వీక్‌డే టూర్ వద్దు, ఆదివారం సాయంత్రం భోజనాల టైమ్‌కి వెళ్లి ఎంతమంది నడిచి వస్తున్నారో, ఎంతమందిని తోసుకొస్తున్నారో చూడండి, ఒక పెద్దాయన్నో పెద్దావిడనో మీకు రోజూ స్నానం చేయించే మనిషి పేరేంటి అని అడగండి. మేనేజర్ ఆ టైమ్‌కి ఉండరు, మరీ మంచిది.