కాండిన్‌స్కీయా, మాండ్రియానా: గోడకు ఏ ప్రింట్?

రష్యన్ నైరూప్య చిత్రకారుడు కాండిన్‌స్కీ 1923లో వేసిన ‘కంపోజిషన్ 8’ అసలు కాన్వాస్ ఎత్తు దాదాపు 140 సెంటీమీటర్లు, వెడల్పు 200. డచ్ నైరూప్య చిత్రకారుడు మాండ్రియాన్ 1930 నాటి ఎరుపు, నీలం, పసుపు కంపోజిషన్ మాత్రం దాదాపు 46 సెంటీమీటర్ల చదరం. ప్రింట్ కొనేటప్పుడు నేను ముందు చూసేది ఈ తేడానే. మాండ్రియాన్‌ను అసలు సైజులోనే తగిలించుకోవచ్చు. కాండిన్‌స్కీని కుదించక తప్పదు. మరీ కుదిస్తే సన్నటి గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎడమవైపు పైనున్న నల్లటి పెద్ద వృత్తం ఒక్కటే కంటికి ఆనుతుంది. గోడ మీద కనీసం మీటరు వెడల్పు ఖాళీ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

కాండిన్‌స్కీకి తెల్ల మౌంటు (ఫ్రేమ్ లోపల బొమ్మ చుట్టూ ఉండే అట్ట అంచు), మెరుపు కొట్టని గాజు బాగా నప్పుతాయి. మాండ్రియాన్‌కు అలా కాదు. ఆయన తన కాన్వాస్‌లను ఫ్రేమ్ లోపలికి దించకుండా, దానికంటే ముందుకు వచ్చేలా అమర్చేవారు. కాబట్టి మౌంటు వద్దు, చుట్టూ సన్నటి తెల్ల చెక్క పట్టీ చాలు. పైగా ఆయన తెలుపు ఒట్టి తెలుపు కాదు, దగ్గరికెళ్లి చూస్తే కుంచె జాడలు కనిపిస్తాయి. చవక ప్రింట్‌లో అవి చెరిగిపోయి, కంప్యూటర్‌లో గీసిన డబ్బాలే మిగులుతాయి. మంచి స్కాన్ నుంచి తీసిన మ్యాట్ (మెరవని) ప్రింట్ దొరికితే మాత్రం నా ఓటు మాండ్రియాన్‌కే.