కరాటే నుంచి జియుజిట్సు దాకా: ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఇవాళ మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టమంటే నేను చేరేది జూడోలో, దానికి తోడు కాస్త బాక్సింగ్. బడిలో కరాటే, ఇంజినీరింగ్‌లో తైక్వాండో, హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో పడ్డాక బాక్సింగ్, జూడో, ఇప్పుడు జియుజిట్సు (నేల మీద పట్టు పట్టి, గొంతు బిగించి ఓడించే బ్రెజిల్ విద్య), మధ్యలో కొన్నాళ్ళు ముయ్ థాయ్ (థాయ్‌లాండ్ బాక్సింగ్). నలభైకి దగ్గరపడ్డాను. "మావాణ్ని ఎందులో వేయమంటావన్నా?" అని ఎవరడిగినా ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసేస్తే పోలా అనిపించింది.

కరాటే సంగతి. ఖమ్మంలో మా బడి గ్రౌండులో పొద్దున్నే ఇచి, నీ, సాన్ (జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు) అని అరుస్తూ వరసల్లో నిలబడి నేర్చుకున్నది షోటోకాన్ అనే కరాటే శైలి. హేయాన్ కటాలు (ఒంటరిగా వరసగా చేసే నిర్ణీత కదలికలు) అయిదూ అందరికీ కంఠతా వచ్చేవి. ఈ అయిదింటినీ 1900ల తొలి ఏళ్ళలో ఒకినావాలో ఇటోసు అంకో అనే ఆయన బడి పిల్లల కోసమే కూర్చాడు (అప్పటి పేరు పిన్అన్), ఆయన దగ్గర నేర్చుకున్న ఫునకోషి 1922లో టోక్యో వెళ్ళి కరాటేని జపాన్ అంతటికీ పరిచయం చేశాడు. కాబట్టి ఒక్క మాస్టర్ యాభై అరవై మంది పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టి నేర్పడం కొత్తగా వచ్చిన జాడ్యం కాదు, ఆ కటాలు పుట్టిందే అందుకు. దాని వల్ల నాకు మిగిలినవి కాళ్ళలో బలం, నడుం తిప్పి దెబ్బ వేయడం, చలికాలం కూడా అయిదింటికి లేవడం. మిగలనిది, ఎదుటివాడు నిజంగా మీదికొస్తే ఏం చేయాలో. కటాలో ఒక చేత్తో గుద్దేటప్పుడు రెండో చెయ్యి నడుం దగ్గరికి లాక్కోవాలి కదా, ఆ అలవాటు ఎంత లోతుగా దిగిందంటే బాక్సింగ్‌లో చేరిన కొత్తలో నేను గుద్దిన ప్రతిసారీ నా చెంప ఖాళీగా ఉండేది, అవతలివాడు తీరిగ్గా కొట్టేవాడు.

బెల్ట్ టెస్టుల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మూడు నెలలకోసారి టెస్టు, దానికి ఫీజు, సర్టిఫికెట్‌కి ఇంకో ఫీజు, ఫెయిలైనవాణ్ని మాత్రం నేను కళ్ళతో చూసిన పాపాన పోలేదు. ఇక స్కూలు వార్షికోత్సవంలో బెంగుళూరు పెంకులు పగలగొట్టే కార్యక్రమం. పెంకుల్ని వారం ముందే ఎండలో పెడతారు, ఒక్కోదానికీ మధ్య చెక్క ముక్క పెట్టి సందు వచ్చేలా పేరుస్తారు, పైది విరిగితే అది కిందదాన్ని విరగ్గొట్టుకుంటూ పోతుంది. చప్పట్లు మోగిపోతాయి. సందు లేకుండా పేర్చి కొట్టమనండి చూద్దాం. అన్ని కరాటేలూ ఒకటి కావనేది కూడా నిజమే, మాస్ ఒయామా పెట్టిన క్యోకుషిన్‌లో గ్లౌజుల్లేకుండా ఒంటి మీద గట్టిగానే కొట్టుకుంటారు, ముఖం మీద పిడికిలి దెబ్బ మాత్రం నిషేధం. అలాంటి చోటు మీకు దగ్గర్లో ఉంటే పైన చెప్పింది సగం మర్చిపోండి.

తైక్వాండో నాకు నడుం కింది భాగాన్ని ఇచ్చింది, ఇప్పటికీ కాలు తల ఎత్తుకి లేస్తుందంటే దాని చలవే. పోటీల్లో ఒంటి మీద తన్నితే 2 పాయింట్లు, తల మీద 3, గిర్రున తిరిగి తన్నితే ఇంకా ఎక్కువ, గుద్దుకి మాత్రం ఒక్కటే, అదీ ఒంటి మీదే, ముఖం మీద గుద్దకూడదు. పాయింట్లు ఎక్కడుంటే ప్రాక్టీసు అక్కడికే పోతుంది కాబట్టి చేతులు కిందికి జారిపోతాయి. ఛాతీకి కట్టే గార్డులో, కాలి సాక్సుల్లో సెన్సర్లు వచ్చాక ముందు కాలు గాల్లో ఎత్తిపట్టి తాకిస్తూ ఉండటమే ఆట అయిపోయింది, చూడ్డానికి నాకైతే బోర్. కానీ స్పోర్ట్స్ కోటా ఆలోచన ఉన్న తల్లిదండ్రులకి ఒక మాట: తైక్వాండో 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆట, కరాటే ఒక్క టోక్యోలోనే (2021లో జరిగింది) కనిపించింది, పారిస్‌లో లేదు. చేర్చే ముందు ఆ అసోసియేషన్‌కి గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి, సర్టిఫికెట్ మీద ఇంటర్నేషనల్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు.

బాక్సింగ్ దగ్గర మొహమాటాలు ఉండవు. చేతికి పట్టీ చుట్టుకోవడం, నిలబడటం, జాబ్ (ముందు చేత్తో వేసే తిన్నని గుద్దు), మళ్ళీ జాబ్. నెలల తరబడి నేర్చుకునేది నాలుగు దెబ్బలే అయినా వాటిని కదిలే మనిషి మీద వేయాలి, ఆ మనిషి తిరిగి వేస్తాడు. మొదటిసారి ముక్కు మీద పడ్డ జాబ్‌కి నొప్పి కంటే ముందు కళ్ళల్లో నీళ్ళొస్తాయి, ఏడుపు కాదు, ఆగవు అంతే. ఆ నీళ్ళలోంచే ఎదుటివాణ్ని చూస్తూ ఊపిరి ఆపకుండా ఉండటం వస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మా జిమ్‌కి అమ్మాయిలు రావడం నా కళ్ళ ముందే పెరిగింది. కాకపోతే తల తలే, దానికి గట్టిపడటం ఉండదు. ముప్ఫై అయిదు దాటాక నేను గట్టి స్పారింగ్ (ప్రాక్టీసు పోరు) పూర్తిగా మానేశాను, ప్యాడ్లు, బ్యాగ్, మెల్లగా ఆడే రౌండ్లు చాలు. పొద్దున లేచి లాప్‌టాప్ ముందు కూర్చోవాల్సినవాళ్ళం.

ముయ్ థాయ్ గురించి ఎక్కువ చెప్పను. మోచెయ్యి, మోకాలు, మెడ పట్టి గుంజే క్లించ్, ఇవి ఉంటేనే అది ముయ్ థాయ్. నేను వెళ్ళిన చోట పాటలు పెట్టి బ్యాగ్ తన్నించేవాళ్ళు. బరువు తగ్గాను, అంతే.

ఇక జూడో. మొదటి నెలంతా పడటమే. వెనక్కి, పక్కకి, ముందుకి. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు, నేలని అరచేత్తో, ముంజేత్తో ఒకేసారి చరచాలి, చెయ్యి మరీ దూరంగా చాపకూడదు, ఊపిరి వదిలేయాలి. విసుగొచ్చి సగం మంది మానేస్తారు. నేనూ ఇదెందుకురా అనుకుంటూనే వెళ్ళేవాణ్ని. ఆ తర్వాత ఒక వానాకాలం ఎర్రగడ్డ దగ్గర మెట్రో పిల్లర్ పక్కన బండి జారి రోడ్డు మీద పడ్డప్పుడు, ఆలోచించే టైము ఎక్కడిది, గడ్డం దానంతటదే ఛాతీకి అంటుకుంది, చెయ్యి దానంతటదే చరిచింది. అరచెయ్యి గీరుకుపోయింది, ఇంకేం కాలేదు. ఇన్నేళ్ళలో వీధిలో ఎవరితోనూ కొట్లాట రాలేదు, పడటం మాత్రం బాత్రూంలో, మెట్ల మీద, బండి మీద చాలాసార్లు అయింది. నేర్చుకున్నవాటిలో నిజంగా వాడుకున్నది ఇదొక్కటే.

జూడోలో నాకు నచ్చిన అసలు విషయం రాండోరి, అంటే ఇద్దరూ నిజంగా తలపడే ప్రాక్టీసు. జూడోని మొదలుపెట్టిన జిగోరో కానో 1882లో కొడోకాన్ అనే తన బడి పెట్టినప్పుడు పాత జపాన్ జుజుట్సులో ప్రమాదకరమైనవి పక్కనపెట్టి, మిగిలినవాటిని పూర్తి బలంతో, ఒప్పుకోని మనిషి మీద రోజూ చేసేలా మార్చాడు. "నీ కన్ను పొడిచేస్తా" అనే టెక్నిక్‌ని ఎవరి మీదా ప్రాక్టీసు చేయలేరు, ఒసోతో గరీని (ఎదుటివాడి కాలు వెనక నుంచి ఊడ్చి పడేసే విసురు) రోజుకి యాభైసార్లు చేయొచ్చు. తేడా అంతా అక్కడే ఉంది. చూడ్డానికి ఆ విసురు ఎంతో తేలిగ్గా ఉంటుంది, మీరు చేయబోతే మాత్రం అవతలివాడు కాలు నాటేసి తడిసిన బియ్యం బస్తాలా కదలడు. అతని చొక్కా చెయ్యి లాగి, బరువంతా ఒక మడమ మీదికి వచ్చిన ఆ క్షణంలో కాలు ఊడ్చాలి. ఆ క్షణం దొరకడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

లోపాలూ ఉన్నాయి. నేర్పే చోట్లు తక్కువ. కొన్నిచోట్ల సిమెంటు నేల మీద పల్చటి మ్యాట్ పరిచి విసిరేయిస్తారు, అలాంటి చోటికి వెళ్ళొద్దు. వేళ్ళ కణుపులు వాస్తాయి, మోకాళ్ళు జాగ్రత్త. 2010 నుంచి పోటీల్లో కాళ్ళు పట్టడం మీద ఆంక్షలు మొదలయ్యాయి కాబట్టి ఎవరైనా వంగి కాళ్ళు పట్టుకుంటే జూడో కుర్రాళ్ళు కాసేపు తెల్లబోతారు. పాతబస్తీ తాలీంలో మట్టిలో ఆడే కుస్తీ పిల్లలకి ఈ ఇబ్బంది లేదు, ఫీజు కూడా నామమాత్రమే, మనవాళ్ళెవరూ అటు చూడరు గానీ.

జియుజిట్సు ఇప్పుడు చేస్తున్నాను, ఇష్టంగానే. 1993లో మొదటి యూఎఫ్‌సీలో (రకరకాల విద్యలవాళ్ళు తలపడే అమెరికా పోటీ) హోయిస్ గ్రేసీ తనకంటే బరువైనవాళ్ళని నేల మీదికి తెచ్చి ఓడించినప్పటి నుంచి దీనికి పేరు. యాభై అయిదు కిలోల కుర్రాడొకడు నన్ను కాలర్ పట్టి గొంతు బిగించి వారం వారం ట్యాప్ చేయిస్తాడు (ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టడం), సిగ్గు ఎప్పుడో పోయింది. బెల్ట్ తొందరగా ఇవ్వరు, బ్లాక్ బెల్ట్‌కి పదేళ్ళు మామూలు మాట, మా స్కూలు కరాటే టెస్టుల తర్వాత ఇది ఎంత హాయిగా ఉందో. తలకి దెబ్బలుండవు కాబట్టి నా వయసువాళ్ళకి బాగా సరిపోతుంది. అయితే చాలాచోట్ల మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెడతారు, నిలబడ్డవాణ్ని కిందికి ఎలా తేవాలో ఎవరూ నేర్చుకోరు. ఖర్చు కూడా ఎక్కువే, నెలకి నాలుగైదు వేలు, గీ (యూనిఫాం) విడిగా. మన ఉక్కపోతకి తామర అంటుకోవడం మామూలే, క్లాసు అయిన వెంటనే స్నానం చేయనివాడితో రోల్ (నేల మీది ప్రాక్టీసు పోరు) చేయకండి, మొహమాటపడకండి.

అమ్మాయిల కోసం కాలేజీల్లో పెట్టే ఒక్కరోజు సెల్ఫ్ డిఫెన్స్ క్లాసులు నేను సాయం చేయడానికి వెళ్ళి చూశాను. మణికట్టు విడిపించుకోవడం నేర్పుతారు, పట్టుకున్న వలంటీర్ మర్యాదగా వదిలేస్తాడు. గట్టిగా పట్టుకోమని నేనన్నప్పుడు పదిమందిలో ఒక్కరికి కూడా ఊడలేదు.

అందుకని ఏ క్లాసుకైనా ట్రయల్‌కి వెళితే మొదటి అరగంట వార్మప్ చూసి మురిసిపోకండి, చివరి ఇరవై నిమిషాలు కూర్చోండి. జంటలుగా విడిపోయి ఒకడు చేస్తుంటే రెండోవాడు నిజంగా అడ్డుకుంటున్నాడా, ఎవరికైనా నొప్పి పుడితే వెంటనే ఆపుతున్నారా, మాస్టర్ అప్పుడు ఫోన్లో ఉన్నాడా మ్యాట్ మీద ఉన్నాడా చూడండి. ఆరేడేళ్ళ పిల్లలైతే ఇంటికి దగ్గర్లో ఉన్న ఏ క్లాసైనా పర్లేదు, పదేళ్ళు దాటాక మాత్రం జూడో ఎక్కడుందో వెతకండి.