నాలుగేళ్లుగా లైబ్రరీ పళ్లు మారుస్తూ

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక చిన్న డెంటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మొదటి ఏడేళ్లు మైనం, కత్తి, స్పిరిట్ దీపం. తర్వాతి నాలుగేళ్లు కంప్యూటరు ముందే. ఈ నాలుగేళ్లలో నేను ఎక్కువగా వాడినది, డిజైన్‌లో పెట్టిన పన్ను మోడల్‌ని తీసేసి లైబ్రరీ నుంచి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉండే పళ్ల ఆకారాల నుంచి, ఇంకొకటి తెచ్చుకునే సౌకర్యం. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు దాని గురించే ఎక్కువ అడుగుతుంటారు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

క్యాప్ వేయడానికి డాక్టరు అరగదీసిన పన్ను స్కాన్ మా దగ్గరికి వస్తుంది. మార్జిన్ గీత, అంటే క్యాప్ అంచు కూర్చునే గీత, గీస్తాం, సిమెంటుకు జాగా వదులుతాం. నేను 60 మైక్రాన్ల దగ్గర మొదలుపెడతాను. ఆ పైన లైబ్రరీ పన్ను వచ్చి కూర్చుంటుంది. ఒక్కో సెట్టులో నోటి నిండా పళ్లుంటాయి. కొన్ని పడుచు పళ్లు, గుబ్బలు ఎత్తుగా, వాటి మధ్య గాళ్లు (గాడులు) లోతుగా ఉంటాయి. కొన్ని అరిగిన పళ్లు. ముందు పళ్లలో పలకగా ఉండేవి, గుండ్రంగా ఉండేవి, కిందికి సన్నబడేవి. వీటిలో ఏది ఎంచుకున్నామన్న దాని మీదే సగం పని తేలిపోతుంది.

ఈ సంగతి నాకు చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కేసుతో తెలిసింది. 46, అంటే కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను. ఆయనది నలభై ఏళ్ల ఆకు వక్క అలవాటు. పై పళ్లు నాపరాయి మాదిరి చదునుగా ఉన్నాయి. నేను రోజూ వాడే పడుచు సెట్టు నుంచే పన్ను పెట్టాను. గుబ్బలు పై పళ్లలోకి దూసుకుపోయాయి, తెర మీద అంతా ఎర్రగా కనిపించింది. ఎదురు పంటికి సర్దమని నొక్కితే సాఫ్ట్‌వేర్ దూసుకుపోయినంత మేరా కోసేసింది. గుబ్బలు పోయాయి కానీ గాళ్ల లోతు అలాగే ఉండిపోయింది. చూడ్డానికి కొండ నెత్తి నరికేసి లోయను మాత్రం వదిలేసినట్టుంది. గాళ్ల అడుగున మందం 1 మిల్లీమీటరు కంటే తగ్గింది. నేను దవడ పంటికి అంత తక్కువ ఇవ్వను. అయినా ఆ రోజు తొందరలో చేత్తో కాస్త నింపి పంపించేశాను. మూడో రోజు డాక్టరు మేడమ్ ఫోన్ చేశారు. ‘ఏందప్పా, నోట్లో గులకరాయి పెట్టినట్టుండాది’ అన్నాడట పెద్దాయన. పళ్లు ఎక్కడ ఎక్కువ తగులుతున్నాయో చూపే నీలి కాగితం పెట్టి అరగదీసీ అరగదీసీ మేడమ్ చేతులు నొప్పి పుట్టాయి.

మళ్లీ చేశాను. ఈసారి మొదట్లోనే అరిగిన సెట్టుకు మార్చాను. గుబ్బలు తక్కువ, గాళ్లు పైపైన. సర్దేటప్పుడు కోయాల్సిందే పెద్దగా లేదు. పన్ను ఆయన నోట్లోదే అన్నట్టు కుదిరింది, మేడమ్ రుద్దాల్సిన పని పడలేదు. అప్పటి నుంచి పంటి స్కాన్ తెరవగానే ముందు ఎదురు పళ్లను చూస్తాను, సెట్టును ఎంచేది ఆ తర్వాతే. మన జిల్లాలో వక్క నమిలిన నోళ్లు చాలా వస్తాయి. సాఫ్ట్‌వేర్ తానుగా ముందుకు తెచ్చే సెట్టు వాళ్లకు పనికిరాదు.

1985లో జూరిచ్‌లో కంప్యూటరుతో చెక్కే సెరెక్ యంత్రంతో మొదటిసారి పింగాణీ ఇన్‌లే (పంటి గుంటలో కూర్చునే ముక్క) చేసినప్పుడు నమిలే వైపు ఆకారాన్ని డాక్టరే చేత్తో చెక్కుకోవాల్సి వచ్చేది. ఇవాళ మనకు సెట్లకు సెట్లు ఉన్నాయి. కానీ నమిలే వైపు ఎలా ఉండాలో తేల్చుకునే కన్ను మాత్రం టెక్నీషియన్‌దే.

ఇక నన్ను బాగా బాధపెట్టిన సంగతి. 13 నుంచి 23 వరకు, అంటే పైన ఒక కోర పన్ను నుంచి ఇంకో కోర పన్ను వరకు, ఆరు పళ్ల బ్రిడ్జి. గంటన్నర కూర్చుని ఫ్రీఫార్మ్ చేశాను, అంటే తెర మీద ఆకారాన్ని చేత్తో దిద్దాను. అంచుల దగ్గర సన్నటి గీతలు, కోర పంటి మీద చిన్న ఉబ్బు, అన్నీ అద్దాను. రాత్రి పదింటికి కబురొచ్చింది, పేషెంటుకు పళ్లు కొంచెం గుండ్రంగా కావాలట. వెనక్కి వెళ్లి సెట్టు మార్చాను. ఒక చిన్న ప్రశ్న కనిపిస్తే సరే అని నొక్కాను. కొత్త పళ్లు వచ్చాయి, నేను చేత్తో చేసిందంతా పోయింది. తప్పు నాదే, ఆ ప్రశ్న చదవాల్సింది. కానీ గంటన్నర పని తుడిచిపెట్టే ముందు ఆ హెచ్చరిక అంత చిన్న అక్షరాల్లో ఉండకూడదు. ఇప్పుడు మోడల్ మార్చే ముందు కేసు ఫోల్డరు మొత్తం ఇంకోచోట కాపీ చేస్తాను. పళ్ల ఆకారం డాక్టరు సరే అన్నాకే ఫ్రీఫార్మ్‌కి చేయి వేస్తాను. స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మార్చాక పక్క పళ్ల కాంటాక్టులు, అంటే వాటికి తగిలే చోట్లు, తప్పకుండా మళ్లీ చూడాలి. సాఫ్ట్‌వేర్ కొత్త పన్నును పాత పన్ను చోటులో, దాదాపు అదే కొలతలో పెడుతుంది. అయితే పొట్ట ఉబ్బు ఎక్కడుందో ఒక్కో సెట్టులో ఒక్కోలా ఉంటుంది. ఒక పక్క ఇరుక్కుని, ఇంకో పక్క సందు మిగులుతుంది. ఆ సందులోనే అన్నం మెతుకు ఇరుక్కుంటుంది. జిర్కోనియా (గట్టి పింగాణీ లాంటి పదార్థం) అయితే ఈ తప్పు ఇంకా ఖరీదు. మిల్లింగ్‌లో పన్ను 20 నుంచి 25 శాతం పెద్దగా వస్తుంది, సుమారు 1500 డిగ్రీల ఫర్నేసులో తగ్గి అసలు కొలతకు చేరుతుంది. తప్పు బయటపడేది ఆ తర్వాతే.

ఒకే వరుసలో ఒక పన్నును మాత్రం వేరే సెట్టు నుంచి తేవద్దు. నేను తెచ్చాను. రెండిళ్ల పిల్లల్ని ఒక ఫొటోలో నిలబెట్టినట్టు తేడా తెలిసిపోయింది.

ముందు పన్ను ఒక్కటే అయితే లైబ్రరీ జోలికి వెళ్లకపోవడమే మంచిది. పుత్తూరు నుంచి ఒక పెళ్లికూతురికి 11, అంటే పైన ముందు కుడి పన్ను, చేయాల్సి వచ్చింది. పక్కనున్న 21 కాస్త తిరిగి, ఒక మూల కొంచెం జారి ఉంది. నేను లైబ్రరీలో చక్కని పన్ను పెట్టి, ట్రయల్ కోసం రెసిన్‌లో ప్రింట్ చేసి పంపాను. వాళ్ల నాన్న చూసి ‘బాగుండాది సార్, కానీ మా పాప పన్ను మాదిరి లేదు’ అన్నాడట. ఆయన మాట నిజం. లైబ్రరీ మోడల్ తీసేసి 21ని అద్దంలో బింబం మాదిరి తిప్పి 11 చోట పెట్టాను. ఆ జారిన మూల కూడా అలాగే వచ్చింది. పెళ్లి ఫొటో ఒకటి మేడమ్ నాకు పంపారు. పన్ను ఏదో నాకు తెలుసు కాబట్టి కనిపించింది, లేకపోతే కనిపెట్టలేను.

ఈ సౌకర్యం లేకుండా నేనిప్పుడు పని చేయలేను. నాకు ఉన్న ఒకే కొరత, మన నోళ్లలాంటి అరిగిన పళ్ల సెట్లు అందులో చాలా తక్కువ. అందుకే ల్యాబ్‌లో పాత ప్లాస్టర్ పిండి మోడళ్లలో బాగా అరిగినవి ఏరి, స్కాన్ చేసి, ఎస్‌టీఎల్ ఫైళ్లుగా (3డి ఆకారం దాచే ఫైళ్లు) దాచుకుంటున్నాను. కింది దవడ పళ్లు రెండు వైపులా పూర్తయ్యాయి. పైవి ఇంకా సగమే.