సోమవారం బాగుండి మంగళవారం పోయే వైఫై: కోవర్కింగ్‌లో మూడేళ్లు వాడాక

అడ్వాన్సు తక్కువ, కుర్చీలు బల్లలు కొనక్కర్లేదు, నెల ముందు చెప్తే ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు. చిన్న వ్యాపారానికి కోవర్కింగ్ (పలు సంస్థలవాళ్లు సీట్ల లెక్కన అద్దెకు పంచుకునే ఆఫీసు) ఎందుకు లాభమో చెప్పే ఈ జాబితా అందరికీ తెలిసిందే, అబద్ధమూ కాదు. రెండు డెడికేటెడ్ డెస్కులు (రోజూ మనకే ఉండే సీట్లు) మూడేళ్లుగా వాడుతున్నాక నాకు చెప్పాలనిపించేది మాత్రం ఒక్కటే: ఇంటర్నెట్. బ్రోషర్‌లో ‘హై స్పీడ్ వైఫై’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పని మొత్తం నడిచేది దాని మీదే. చేరేముందు కాఫీ మిషన్ గురించి అడుగుతాం, దీని గురించి అడగం.

మొదటి ఏడాది ఎవరడిగినా ‘నెట్‌కి ఢోకా లేదు’ అనే చెప్పాను. అప్పటికి సగం సీట్లు ఖాళీ అన్న సంగతి కలపలేదు.

సీట్లు నిండాక మొదలైంది అసలు గోల. మంగళవారం ఉదయం పదిన్నర దాటాక వచ్చినవాళ్లకు వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. పక్క బల్ల దగ్గర తొమ్మిదింటికే వచ్చి కూర్చున్నవాళ్లకు వీడియో కాల్ కూడా హాయిగా నడుస్తుంటుంది. జనం ఎక్కువుండే సోమవారం రాని తంటా మంగళవారమే ఎందుకన్నది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. రిసెప్షన్‌లో చెప్పే మందు ఒక్కటే, రీస్టార్ట్. తర్వాత యాజమాన్యం ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుంది. స్పీడు పెరిగింది, మంగళవారం మాత్రం మారలేదు.

గుట్టు ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాల్లోనే ఉంది. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబరు) 169.254తో మొదలవుతోందంటే రూటర్ నుంచి అడ్రస్ రాలేదు, ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి తగిలించుకుంది అని అర్థం. దానితో బయటికి వెళ్లలేం. మామూలు సెట్టింగులో (ఎన్ని అడ్రస్‌లు ఉండాలో తేల్చే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0) పంచడానికి ఉండేవి 254 అడ్రస్‌లు, అందులో ఒకటి రూటర్‌కే పోతుంది. 90 సీట్లున్న అంతస్తులో మనిషికి ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోన్ చొప్పున 180. ఆపైన ప్రింటర్లు, కెమెరాలు, తలుపు తాళాలు, మీటింగ్‌కి వచ్చిపోయేవాళ్ల ఫోన్లు. ఐఫోన్లలో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ఒక్కో వైఫై పేరుకి ఒక్కో వేరే గుర్తింపు చూపించే పద్ధతి వచ్చింది. ఒకే నెట్‌వర్క్‌ని ‘మెంబర్స్’, ‘గెస్ట్’ అని రెండు పేర్లతో వదిలితే, రెండింట్లోనూ తగులుకున్న ఒకే ఫోను రెండు అడ్రస్‌లు తినేస్తుంది.

ఇక మంగళవారం సంగతి. ఇచ్చిన అడ్రస్‌ని రూటర్ కొంత గడువు దాకా ఆ పరికరం పేరునే ఉంచుతుంది. దీన్నే లీజు అంటారు. మా దగ్గర అది 24 గంటలు. సోమవారం సాయంత్రం అయిదింటికి గంట సేపు మీటింగ్‌కి వచ్చి వెళ్లినాయన అడ్రస్ మంగళవారం సాయంత్రం దాకా ఆయన పేరునే ఉంటుంది, ఆయన ఏ ఊళ్లో ఉన్నా సరే. హాట్ డెస్కుల్లో (ఏ రోజుకారోజు ఎవరైనా కూర్చునే సీట్లు) సోమవారం వచ్చేవాళ్లు వేరు, మంగళవారం వచ్చేవాళ్లు వేరు. సోమవారం శనాదివారాల ఖాళీ మీద మొదలవుతుంది, మంగళవారం సోమవారం బరువు మీద. వంటలు బోలెడున్నాయి, విస్తళ్లే లేవు. ప్లాన్ పెంచి ఇంకా వండితే ఏం లాభం?

రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి పని జరిగేది కూడా ఇందుకే. కొన్ని రూటర్లు ఆపి మళ్లీ వేస్తే లీజు పట్టిక మర్చిపోతాయి. అప్పుడు పాతవాడి దగ్గరున్న అడ్రస్‌నే కొత్తవాడికీ ఇచ్చే ప్రమాదం ఉంది, ఇద్దరి కాల్సూ తెగుతాయి.

విరుగుడుకి పైసా ఖర్చు లేదు. లీజు 24 గంటల నుంచి 2 గంటలకు తగ్గించడం, మాస్క్ 255.255.254.0 చేసి అడ్రస్‌లను 510కి పెంచడం, గెస్టులకు వేరే విఎల్ఏఎన్ (అదే పరికరాల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టడం. చేతనైనవాళ్లకు అరగంట పని. దానికి నెలలు పట్టిందంటే కారణం, రూటర్ పాస్‌వర్డ్ అంతస్తులో ఉన్న ఎవరి దగ్గరా లేకపోవడం. నెట్ చూసుకునే బయటి మనిషి వచ్చేది సాయంత్రం, అప్పటికి అంతా బాగానే ఉంటుంది.

మీటింగ్ రూమ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. గంటల లెక్కన దొరికే ఆ గది చిన్న వ్యాపారికి నిజంగా వరమే, ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే ఇలాంటి చోట్ల వైఫైలో క్లయింట్ ఐసొలేషన్ పెట్టి ఉంచుతారు. ఒకరి పరికరం ఇంకొకరికి కనిపించదు, భద్రతకు అది ఉండాల్సిందే. దానివల్ల ల్యాప్‌టాప్ నుంచి టీవీకి ఆ వైఫైలో బొమ్మ పంపడం చాలాసార్లు కుదరదు. బ్యాగులో హెచ్‌డీఎంఐ కేబుల్, టైప్-సి అడాప్టర్ ఉంటే కస్టమర్ ముందు తడుముకునే పని ఉండదు.

సొంత లేబుల్ ప్రింటర్‌దీ అదే కథ. యూఎస్‌బీతో తగిలిస్తే సరిపోతుంది. ఇద్దరు వాడాలంటే, అనుమతి తీసుకుని, డెస్క్ కింది లాన్ పోర్టుకి (నెట్ కేబుల్ గుచ్చే చోటు) చిన్న ట్రావెల్ రూటర్ పెట్టుకోవచ్చు. గోడ నుంచి వచ్చే కేబుల్ దాని వాన్ పోర్టులోకే (బయటి నెట్ లోపలికి తీసుకునే పోర్టు) వెళ్లాలి. పొరపాటున దాని లాన్ పోర్టులో గుచ్చితే మీ బుల్లి రూటర్ అంతస్తు మొత్తానికీ తన అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది, సగం మంది నెట్ పోతుంది, ఎవరివల్లో కనిపెట్టడానికి పూట పడుతుంది. యాజమాన్యాలు రూటర్లంటే ముఖం చిట్లించేది ఇందుకే, తప్పుపట్టలేం.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఖాళీ సాయంత్రం స్పీడ్ టెస్ట్ పెట్టి మురిసిపోవద్దు. ఒక రోజు పాస్ తీసుకుని మంగళవారమో బుధవారమో పదకొండింటికి వెళ్లండి. రెండు విండోల్లో పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండ్) పది నిమిషాలు నడపండి, ఒకటి గేట్‌వేకి, అంటే అక్కడి రూటర్‌కి, ఇంకొకటి బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కి. గేట్‌వే దగ్గరే వందల మిల్లీసెకన్లు చూపిస్తే లోపం వైఫైది. గేట్‌వే నిలకడగా ఉండి రెండోది తెగుతుంటే బయటి లైన్‌ది. డెస్క్ దగ్గర లాన్ పోర్టు పనిచేస్తుందా, రెండో కంపెనీ లైన్ ఉందా, కరెంటు పోతే ప్లగ్గులతో పాటు నెట్ కేబుళ్లు కలిసే స్విచ్, వైఫై వదిలే యాక్సెస్ పాయింట్లు కూడా యూపీఎస్ మీదే ఉన్నాయా అని అడగండి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, గోడ మీది డబ్బాకి ఉండదు. రూటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కూడా అడగండి, నవ్వినా సరే.

మేమిద్దరం. పని రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక లేబుల్ ప్రింటర్, నెలకు రెండు మూడు మీటింగులు. కేబుల్ మీదే పని చేస్తున్నాం కాబట్టి ఇప్పుడు ఇబ్బంది లేదు, ఈ ఏడాదికీ ఉంటున్నాం. రోజంతా వీడియోలు అప్‌లోడ్ చేసేవాళ్లకు, ఫలానా ఐపీ నుంచే లాగిన్ కావాలనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు డెస్క్ సరిపోదు, సొంత లైన్ వేసుకోనిచ్చే క్యాబిన్ చూసుకోవాలి. మూడో మనిషి చేరితే మేమూ అటే చూస్తామేమో. ప్రస్తుతానికి లీజు రెండు గంటల మీదే ఉంది. బయటి మనిషి వచ్చి ఏదైనా అప్‌డేట్ చేసి వెళ్లిన ప్రతిసారీ అది మళ్లీ 24కి మారిందేమో ఒకసారి చూస్తున్నాం.