సూర్యలంకకు పోతూ కొండవీడు ఎక్కాలంటే

గుంటూరు, బెజవాడ నుంచి రెండు రోజులకని బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది కొండవీడు కొండకోటను తిరుగుప్రయాణానికి అట్టేపెడతారు. అక్కడే తేడా కొడుతుంది. రోజంతా సముద్రంలో నానాక భుజాలు కమిలిపోయి ఉంటాయి, సంచీ పట్టీ తగిలితే భగ్గుమంటుంది. బూట్లలో నాలుగు ఇసుక రేణువులు మిగిలినా సగం కొండకే మడమ బొబ్బలెక్కుతుంది. ఎక్కేదేదో పోయేటప్పుడే ఎక్కేయాలి.

గుంటూరులో నాలుగున్నరకు కదిలితే వెలుగొచ్చేసరికి కొండ కింద ఉంటారు. బస్సును నమ్ముకుంటే ఆ వేళకు చేరలేరు. కారైనా ఉండాలి, రానుపోను ఆటో అయినా మాట్లాడుకోవాలి. ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లను బండిలో పంపి, మిగతావాళ్లు పాత మెట్లదారిన ఎక్కొచ్చు. ఎత్తు సుమారు వెయ్యి అడుగులు. ఆగుతూ ఎక్కినా గంటన్నర చాలు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పైన ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకోకూడదు. పులిహోర చెడిపోదు గానీ దాహం పెంచుతుంది. ఇడ్లీ, అరటిపండు, సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ నయం. హవాయి చెప్పులతో ఎక్కేస్తారు, దిగేటప్పుడే వాటి సంగతి తెలుస్తుంది. అరిగిన రాతి మీద సన్న గులక ఉంటే కాలు ముందుకు జారి బొటనవేలి పట్టీ తెగుతుంది. అడ్డంగా అడుగేస్తూ, మోకాలు కాస్త వంచి దిగాలి.

పైన చూడాల్సినవి ముందు చెరువులు, తర్వాతే బురుజులు. ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ల చెరువులు. రెడ్డిరాజుల రాజధాని ఇంత ఎత్తున నిలిచిందంటే ఈ నీటి ఏర్పాటు వల్లే. 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోట ఇదే. గోడల్లో సున్నం రాలి రాళ్లు కదులుతున్న చోట ఫొటో కోసం ఎక్కొద్దు. తొమ్మిదిన్నరకల్లా దిగడం మొదలుపెట్టాలి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఈ బండలు ఒక లెక్కా? నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. సీతాఫలాల కోసం వానాకాలం చివర్లో వెళ్తే నాచు పట్టిన మెట్లతో జాగ్రత్త.

అక్కణ్ణుంచి చిలకలూరిపేట, పర్చూరు మీదుగా బాపట్ల. తెల్లవారుజామున అలల చప్పుడు కావాలంటే సూర్యలంకలో పర్యాటక శాఖ హరిత రిసార్ట్, శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి భోజనానికి నాలుగు హోటళ్లు, పక్కనే రైలు కావాలనుకుంటే తొమ్మిది కిలోమీటర్ల ఇవతల బాపట్ల లాడ్జీలే మేలు. చీకటిపడ్డాక బీచ్ నుంచి ఆటోలు పల్చబడతాయి, వచ్చిన ఆటోనే ఉండమని చెప్పాలి.

కొండ దిగిన సాయంత్రం నీళ్లలో మోకాలి లోతు దాటొద్దు. అలిసిన పిక్కలు పట్టేస్తే, వెనక్కి లాగే అలలో నిలదొక్కుకోలేరు. బొబ్బ చితికి ఉంటే ఆ కాలు ఉప్పునీళ్లలో పెట్టకపోవడమే మంచిది.