నౌబత్ పహాడ్ మీద రెండు పిడికిళ్ల ఆకాశం

హైదరాబాద్‌లో ప్లానెటేరియం చూపిస్తానని మా అక్క పిల్లలకు నేను మాటిచ్చి రెండేళ్లయింది. మొత్తానికి మొన్న ఆదివారం కుదిరింది. ముందురోజు రాత్రి లక్డీకాపుల్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఫొటోల్లో కిటికీ ఉంది, గదిలోనూ ఉంది, కాకపోతే తెరిస్తే పక్క గోడే. దగ్గర కదా అని సర్దుకున్నాం. అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు.

నౌబత్ పహాడ్ అనే కొండ మీదున్న ఈ బిర్లా ప్లానెటేరియం 1985లో మొదలైంది. మేం తెలుగు షోకి వెళ్లాం. పిల్లలుంటే అదే నయం, ప్రతి మాటకూ మనం అనువాదం చెప్పక్కర్లేదు. లైట్లు ఆరి గుమ్మటం నిండా చుక్కలు పరుచుకోగానే మా చిన్నాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. హైదరాబాద్ అక్షాంశం దాదాపు 17 డిగ్రీలు, కాబట్టి ఇక్కడ ధ్రువ నక్షత్రం ఉత్తరాన అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పెడితే సుమారు పది డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ అని వాడి చెవిలో చెప్పాను. ఇక రోజంతా పిడికిళ్లే.

నిజం చెప్పాలంటే నాకు షో కంటే పక్కనున్న డైనోసార్ ఎక్కువ నచ్చింది. కోటసారస్, 44 అడుగుల పొడవు. దొరికింది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, మన గోదావరి లోయలోనే. అది ఒక్క జంతువు ఎముకలు కావు, కనీసం పన్నెండింటివి కలిపి నిలబెట్టారు. పుర్రె దొరకనే లేదు, అక్కడున్న తల ఊహించి చేసింది. ఇది తెలిశాక మా పెద్దది ఆ తల వైపు అనుమానంగా చూస్తూ చాలాసేపు కదల్లేదు. అక్కడే ఉన్న సైన్స్ మ్యూజియంలో మీటలు నొక్కి ఆడుకునేవి చాలా ఉన్నాయి, దానికి రెండు గంటలైనా ఉంచుకోండి.

బిర్లా మందిర్‌కి సాయంత్రమే వెళ్లండి. ఎండలో ఆ పాలరాతి మీద ఒట్టి కాళ్లతో నడవడం పెద్దవాళ్లకు కష్టం. ఫోన్లు లోపలికి రానివ్వరు, చెప్పులతో పాటు వాటికీ లైను. పైనుంచి హుస్సేన్‌సాగర్, బుద్ధుడు కనిపిస్తారు. లుంబినీ పార్కు, బోటు మర్నాటికి వదిలేశాం. ఒకే రోజు అన్నీ అంటే పిల్లలు ఏడుపే.

దిగేటప్పుడు చిన్నాడు మెట్ల మీద ఆగి, ఉత్తరం ఎటని అడిగి, పిడికిలి మీద పిడికిలి పెట్టాడు. సరిగ్గా అక్కడ ఏదో బిల్డింగు లైటు వెలుగుతోంది.