కెప్టెన్ సీటు ఎప్పుడు ఖాళీ చేయాలి? 65, 67, వయసుతో పనిలేని పరీక్ష: ఏది మేలు?

నెల్లూరు జిల్లా దగదర్తి విమానాశ్రయం ఇంకా కాగితాల మీదే ఉంది. ఒంగోలుదీ అదే కథ. విమానం ఎక్కాలంటే నెల్లూరు వాళ్లు చెన్నైకో రేణిగుంటకో, ఒంగోలు వాళ్లు గన్నవరానికో పరుగెత్తాల్సిందే. విమానాశ్రయాలు రాకపోయినా పైలట్లు మాత్రం వచ్చేశారు. అరవై దాటినా ఇంకా ఎగురుతున్న కెప్టెన్లు ఒక తరం. రొయ్యల చెరువు మిగిల్చిన డబ్బుతోనో, పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుతోనో లైసెన్సు తెచ్చుకుని కో-పైలట్ సీటు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు రెండో తరం. ఈ రెండు తరాలూ ఏ పెళ్లిలోనో ఒకే బంతిలో కూర్చుంటే పప్పు వడ్డించేలోపే వాదన మొదలవుతుంది: పైలట్ ఏ వయసుకు దిగిపోవాలి?

నాకు తెలిసిన ఒక ఇంట్లో మేనమామ 63 ఏళ్ల కెప్టెన్, మేనల్లుడు ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. మామయ్య వాదన ఇది: "ఆరు నెలలకోసారి డాక్టరు ముందు నిలబడుతున్నాను. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో ఇంజను ఆపేసి, ఇప్పుడు దించు చూద్దాం అంటున్నారు. ఇన్ని పరీక్షలు నెగ్గినవాడిని పుట్టినరోజు చూసి పంపేస్తారా?" అల్లుడు గొంతు పెంచకుండా చెప్పిన జవాబు: "మీ ఆరోగ్యం మీద నాకు అనుమానం లేదు మామయ్యా. మీరు దిగితే తప్ప నేను ఎక్కలేను, అంతే." ఇద్దరి మాటా నిజమే. అందుకే ఈ తగవు తెగదు.

ఈ అంకెల చరిత్ర కొంచెం తెలిస్తే వాదన తేలికవుతుంది. అరవై అన్న గీతను అమెరికా 1960లో అమల్లోకి తెచ్చింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2006 నవంబరులో దాన్ని 65కు పెంచింది, అయితే పక్క సీటులో ఉన్నవారి వయసు అరవైలోపు ఉండాలని షరతు పెట్టింది. 2014లో ఆ షరతూ తీసేసింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరిమితి కూడా 65. ఎయిర్ ఇండియా తన పైలట్ల విరమణ వయసును 58 నుంచి 65కు 2025లోనే పెంచింది. అదే ఏడాది విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా, 67 చేయండని ఐకావోను కోరింది. పైలట్ల సంఘాలు వద్దన్నాయి. గీత 65 దగ్గరే ఉంది.

65కూ 67కూ మధ్య తేడా రెండేళ్లే కదా అనిపిస్తుంది. సీనియారిటీ జాబితా ఎలా పనిచేస్తుందో తెలిస్తే అలా అనిపించదు. ఏ విమానం, ఏ రూటు, ఏ ఊరు బేస్, సంక్రాంతికి సెలవు దొరుకుతుందా లేదా, కమాండ్ (కెప్టెన్ హోదా) ఎప్పుడు వస్తుంది అన్నవి చాలా సంస్థల్లో ఆ జాబితాలో మీ నంబరును బట్టి తేలుతాయి. పెన్నా డెల్టాలో కాలువ చివరి రైతుకు నీళ్లు ఎప్పుడు అందుతాయన్నది పై తూముల వాళ్ల చేతిలో ఉన్నట్టే, కింది నంబరువాడి బతుకు పై నంబర్ల చేతిలో ఉంటుంది. విరమణ వయసు రెండేళ్లు పెరిగితే ఆ రెండేళ్లూ పైనుంచి వయసు మీరి దిగేవారు ఉండరు. ఆ లెక్కన కింద ఎవరి నంబరూ జరగదు.

"ఆ రెండేళ్లు చివర్లో నీకూ వస్తాయి కదా" అని పెద్దలు అంటారు. లెక్క ప్రకారం సరైన మాటే. కానీ ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే ఆ రెండేళ్లకు హామీ ఎవరు? మధుమేహమో, గుండెలో చిన్న తేడానో మెడికల్‌లో బయటపడితే అవి రావు. బ్యాంకు వాయిదా మాత్రం ఈ నెల ఐదో తారీఖుకే వస్తుంది. మన దగ్గర కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అది చేతికి వచ్చేసరికి ఖర్చు అరకోటి దాటుతుంది. ఆపైన ఫలానా రకం విమానం నడపడానికి టైప్ రేటింగ్, దానికి ఇంకొన్ని లక్షలు. కో-పైలట్ జీతానికీ కెప్టెన్ జీతానికీ మధ్య ఉన్న ఎడంలోనే ఈ అప్పు తీరాలి. ఆ ఎడం రెండేళ్లు వెనక్కి జరిగితే వడ్డీ ముందుకు జరుగుతుంది.

ఇది ఊహ కాదు, అమెరికాలో జరిగింది. 2007 డిసెంబరు 13న అక్కడ 65 చట్టమైంది. ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. దానికి ముందే అరవై నిండి దిగిపోయినవారికి పాత సీనియారిటీ తిరిగి రాదు, మళ్లీ చేరాలంటే కొత్తవాడిలా అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. ఒక్క నెల తేడాతో పుట్టిన ఇద్దరిలో ఒకరికి ఐదేళ్ల కెప్టెన్ జీతం, ఇంకొకరికి సున్నా. కింద ఉన్నవారికి ఐదేళ్ల ఎదురుచూపు మొదలైంది, 2008 ఆర్థిక సంక్షోభం వచ్చి దాన్ని ఇంకా బిగించింది. పెద్దలను కూడా తప్పుపట్టలేం. 2001 దాడుల తర్వాత విమాన సంస్థలు దివాలా తీస్తే చాలామంది పైలట్ల పెన్షన్లు కరిగిపోయాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్ల పెన్షన్ పథకం 2005లో ప్రభుత్వ బీమా సంస్థ చేతికి వెళ్లిపోయింది. పెన్షన్ పోయినవాడు ఇంకో ఐదేళ్లు పని చేయనివ్వండి అంటే అత్యాశ అనగలమా?

మన రాష్ట్రంలో ఈ తగవు కొత్తేమీ కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు పెద్దలు రోడ్డెక్కారు. 2014లో 60, 2022లో 62 అయినప్పుడు నెల్లూరు కోచింగ్ సెంటర్లలో పుస్తకం ముందు కూర్చున్న పిల్లలు నిట్టూర్చారు. గీత ఎటు జరిగినా ఒకరు ఏడవాల్సిందే.

ఇక 67 కోరేవారికి బలమైన వాదన ఒకటి ఉంది: పైలట్ల కొరత. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. వీటిని ఎవరు నడుపుతారు? ఇక్కడ ఒక కిటుకు ఉంది. కొరత ఉన్నది ఎడమ సీటుకు, అంటే కెప్టెన్‌కు. క్యూ ఉన్నది కుడి సీటుకు, అంటే కో-పైలట్‌కు. లైసెన్సు చేతిలో పెట్టుకుని ఉద్యోగం లేని పిల్లలు ఒకవైపు, విదేశీ కెప్టెన్లను తాత్కాలిక అనుమతితో తెచ్చుకునే సంస్థలు ఇంకోవైపు. కెప్టెన్‌కు కావాల్సిన లైసెన్సుకే 1500 గంటల అనుభవం ఉండాలి కనుక రాత్రికి రాత్రి కుడి సీటువాడిని ఎడమకు జరపలేం. ఆ మేరకు 67 కోరేవారి మాటలో పస ఉంది. పైగా సంస్థ పెరుగుతున్నప్పుడు ఖాళీలు విరమణల వల్లే కాదు, కొత్త విమానాల వల్ల కూడా వస్తాయి. అప్పుడు పెద్దలు ఇంకో రెండేళ్లు ఉన్నా చిన్నవారికి పెద్దగా నొప్పి తెలియదు.

కానీ ఆ పెరుగుదలను నమ్ముకుని ఎలా కూర్చుంటాం? 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది. అలా ఆగిన ప్రతిసారీ అనుభవం ఉన్న పైలట్లు ఒక్కసారిగా మార్కెట్లోకి వస్తారు, కొత్త లైసెన్సువాడి దరఖాస్తు అడుగున పడుతుంది. అలాంటి ఏడాదిలో 67 కూడా తోడైతే నెల్లూరు జిల్లా కావలి కుర్రాడి పరిస్థితి ఏమిటి?

67కు ఇంకో అడ్డంకి ఉంది, పెళ్లి బంతుల్లో ఎవరూ దాని మాట ఎత్తరు. ఒక దేశం ఒంటరిగా 67 చేసుకున్నా అంతర్జాతీయ గీత 65 దగ్గరే ఉంటే, 65 దాటిన కెప్టెన్ విదేశాలకు ఎగరలేడు. బోయింగ్ 777 మీద అమెరికా వెళ్లివచ్చే ఆయన ఎయిర్‌బస్ 320 ఎక్కి చెన్నై, హైదరాబాద్ తిరగాలి. దానికి మళ్లీ శిక్షణ, మళ్లీ సిమ్యులేటర్. ఆయన దిగివచ్చిన చోట ఉన్న కెప్టెన్‌కు నంబరు ప్రకారం మంచి రూట్లు పోతాయి, ఆయన కింద ఉన్న ఫస్ట్ ఆఫీసర్‌కు కమాండ్ ఇంకా వెనక్కిపోతుంది. అమెరికాలో పైలట్ల సంఘం గట్టిగా పట్టుకున్న వాదనల్లో ఇదొకటి. 2023లో ప్రతినిధుల సభ 67కు ఒప్పుకున్నా, 2024 మేలో చట్టమైన బిల్లులో 65 అలాగే ఉండిపోయింది. జపాన్ దేశంలోపల 67 దాకా అనుమతిస్తోంది, అది నిజమే. అక్కడి దేశీయ రూట్ల సంఖ్య వేరు, వయసు మళ్లిన శ్రామికుల మీద ఆ సమాజం ఆధారపడే తీరు వేరు.

వయసు గీతే వద్దు, ఒంటి పరీక్ష, బుద్ధి పరీక్ష పెట్టండి అన్నది మూడో దారి. కెనడా, ఆస్ట్రేలియాల్లో దేశీయ విమానాలకు ఇలాంటి జాతీయ వయోపరిమితి లేదు. న్యాయంగా చూస్తే ఇదే అన్నిటికన్నా అందమైన దారి. ప్రాణం వయసు చూసి పోదు కదా! 2009లో బ్రస్సెల్స్ నుంచి నెవార్క్ వెళ్తున్న విమానంలో 60 ఏళ్ల కెప్టెన్ గాలిలోనే చనిపోతే సహచరులు క్షేమంగా దించారు. 2023లో నాగపూర్‌లో విమానం ఎక్కబోతూ కుప్పకూలిన పైలట్ వయసు 40. హడ్సన్ నదిలో విమానం దించిన సల్లెన్‌బర్గర్‌ను పెద్దల పక్షంవాళ్లు తరచూ తెస్తారు. అప్పుడు ఆయనకు 57 ఏళ్లే, కాబట్టి ఆయన 67కు సాక్షి కాదు.

అందమైన దారి అయినా నాకు దీని మీద నమ్మకం కుదరదు. గుండెను ఈసీజీ పట్టుకుంటుంది. అర్ధరాత్రి మూడో ల్యాండింగ్‌లో ఆలోచన ఒక్క క్షణం మందగించడాన్ని ఏ యంత్రమూ ఖచ్చితంగా పట్టుకోదు. పైగా కొరత ఉన్న ఏడాది పరీక్ష సులువు కావడం, మాంద్యం వచ్చిన ఏడాది అదే పరీక్ష కఠినం కావడం మనం చూడనిదా? పుట్టినతేదీ గీత మొరటుదే కానీ దానికి పక్షపాతం లేదు. కెప్టెన్ గారైనా, ఆయనతో సరిపడని మేనేజరైనా దాన్ని మార్చలేరు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఐకావో మార్చేదాకా 65 మేలు అంటాను. ఐకావో 67 చేస్తే మనమూ చేసుకుందాం, కానీ ఒక షరతు మీద: 65 నిండిన రోజున సీనియారిటీ నంబరు వదులుకోవాలి. ఆ తర్వాత ఏడాదికోసారి కాంట్రాక్టు, మిగిలిన రూట్లు, మిగిలిన రోస్టర్ (డ్యూటీ పట్టిక). జీతం తగ్గనక్కర్లేదు, వరుస మాత్రం కదలాలి. పెద్దలకు కావాల్సింది నిజంగా ఎగరడమే అయితే ఇది వారికి అభ్యంతరం కాకూడదు. మామయ్యకు అభ్యంతరం ఉంది, అది వేరే సంగతి.

65 తర్వాత ఖాళీగా కూర్చోవాలనీ లేదు. సిమ్యులేటర్ నేల మీద ఉంటుంది కాబట్టి విమానం నడిపే వయోపరిమితి దానికి అడ్డం రాదు. వందల విమానాలు రాబోతున్న దేశంలో ఎడమ సీటుకు పిల్లలను తయారుచేసే గురువుల అవసరం చాలా ఉంటుంది. 61, 62 ఏళ్ల కెప్టెన్లు బోధకుడి అర్హత కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. 65 నిండాక పెట్టుకుంటే అక్కడా క్యూ ఉంటుంది.

ఇంట్లో ఇంటర్ ఎంపీసీ చదువుతూ పైలట్ అవుతానంటున్న పిల్లవాడు ఉంటే విరమణ వయసు 65 అవుతుందా 67 అవుతుందా అని ఇప్పుడే లెక్కలు వేయకండి. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్షలు) చేయించండి. క్లాస్ 1 కాగితం చేతికి వచ్చాకే ఫ్లయింగ్ స్కూలు ఫీజు మాట, పొలం మాట.